గీకని కిటికీ

పెయింటరు ఇనుముకు తప్ప దేనికీ రంగు వెయ్యడు. గోడలకు వెయ్యమని ఎవరైనా అడిగితే "అది వేరేవాళ్ళ పనండీ" అని తప్పుకుంటాడు. కిటికీ ఊచలు, గేట్లు, మెట్ల కమ్మీలు, వీటితోనే అతని తల నెరిసింది. పనితనానికి ఢోకా లేదని నలుగురూ అనేవారు. ఆ పేరులో సగం, నిజం చెప్పాలంటే సగం కంటే ఎక్కువే, అతని భార్యది. పాత పెచ్చులు బ్లేడుతో లేపడం, వైరు బ్రష్షుతో తుప్పు రాల్చడం, ఇనుము తళతళలాడేదాకా ఎమరీ కాగితంతో రుద్దడం, పొడిగుడ్డతో దుమ్ము తుడవడం, అంతా ఆవిడ వంతు. అదంతా అయ్యాక ఈయనగారు దర్జాగా వచ్చి తుప్పు పట్టకుండా రెడాక్సైడు ఒక పూత పూసి, అది ఆరాక రంగు రెండు పూతలు వేసేవాడు. మెచ్చుకోళ్ళన్నీ ఆయనకే.

"ఒళ్ళు హూనం నాదీ, పేరు నీదీనా?" అని ఆవిడ దెప్పేది.

"రంగు కంటికి కనబడుతుందే. రుద్దుడు కనబడదుగా" అనేవాడు.

ఆవిడ పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. జరగాల్సినవన్నీ జరిగాయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. పెయింటరు ఏడవలేదు. గుండె రాయి చేసుకున్నాడని చుట్టాలు అనుకున్నారు. రాయీ లేదు, ఏమీ లేదు. లోపల ఖాళీ. ఎదురుగా పెడితే తిన్నాడు, చీకటి పడితే పడుకున్నాడు. కొన్నాళ్ళకు సంచి భుజాన వేసుకుని పనికి బయలుదేరాడు.

మొదట వెళ్ళింది అవతలి పేటలో ఉండే టైలరమ్మ వంటింటి కిటికీకి. టైలరమ్మ కింద గదిలో కుట్టుమిషను పెట్టుకుని, పై వాటాలో అత్తగారితో ఉంటుంది. ఆలుమగలిద్దరూ ఆ ఇంటికి ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నారు.

"అక్క రాలేదా?" మిషను ఆపకుండానే అడిగిందామె.

"పుట్టింటికెళ్ళిందమ్మా."

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియదు. కిటికీ ముందు డబ్బా మూత తీసి, బ్రష్షు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ముందు ఎవరో వచ్చి రుద్ది పెట్టాలన్నట్టు నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. చివరికి తుప్పు మీదే రంగు పూసేసి వెళ్ళిపోయాడు. తన జన్మలో అలాంటి పని చెయ్యలేదు. అయినా సిగ్గనిపించలేదు, ఏమీ అనిపించలేదు.

వానలు పడ్డాక టైలరమ్మ కబురు పెట్టింది. వెళితే, ఊచను గోటితో గీరి చూపించింది. రంగు పొక్కులు పొక్కులుగా లేచి, ముట్టుకుంటే చాలు ఊడొస్తోంది.

"ఏంటయ్యా ఇది? నాలుగు చినుకులకే ఇలా అయిందేంటి?"

"రంగు మంచిది కాదేమోనమ్మా."

"రంగు మీదకి నెట్టకు. అక్క చెయ్యి పడలేదు, అదీ సంగతి. ఇంకా రాలేదా? అలిగి వెళ్ళిందా ఏంటి?" టైలరమ్మ నవ్వింది. "వెళ్ళి బతిమాలి తీసుకురా. మెట్ల కమ్మీ కూడా తుప్పు తినేస్తోంది. మా అత్తయ్య అది పట్టుకునే దిగుతుంది. అక్క వస్తేనే ఆ పని నీది. లేదంటే వేరేవాళ్ళని పిలుచుకుంటా, ఏమీ అనుకోకు."

పని పోతుందని కాదు అతని దిగులు. మిగతా అందరి ఇళ్ళలోనూ ఆవిడ పోయింది. ఈ ఒక్క ఇంట్లో మాత్రం పుట్టింట్లో ఉంది, అలిగి ఉంది, ఇవాళో రేపో వస్తుంది. "రాలేదా?" అని ఎవరైనా అడిగేది ఇక్కడే. నిజం చెబితే ఇక్కడా పోతుంది. చెప్పకుండా ఊరుకుంటే ఇంకొకడు వచ్చి కమ్మీకి రంగు వేస్తాడు, తనకు ఈ గడప తొక్కే పనే ఉండదు. పెయింటరుకు ఎటూ పాలుపోలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, ఎవరినీ పిలవకుండా మెట్ల కింద కూర్చున్నాడు. లోపల మిషను ఆడుతోంది. ఇంటి నుంచి తెచ్చిన భార్య సంచిలోంచి వైరు బ్రష్షు తీశాడు. పంపు నీళ్ళు చిందే చోట ఇనుము పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. అక్కడ మొదలుపెట్టాడు. బ్రష్షు ఎలా పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలియదు. ఒకసారి ఊచ మీంచి జారింది, ఒకసారి వేళ్ళకు తగిలింది. అలాగే రుద్దుతూ పోయాడు. ఒక్కో మెట్టే ఎక్కుతూ సగం కమ్మీ దాకా వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది.

మిషను ఆగింది.

"వచ్చేశావా అక్కా!" అంటూ మెడలో టేపుతోనే టైలరమ్మ గబగబా బయటికొచ్చింది. "ఇందాకట్నుంచీ గరగరమని వినబడుతూనే ఉంది, ఈ ఒక్క అంచు కుట్టేసి వద్దామని..."

మెట్ల మీద పెయింటరు ఒక్కడే ఉన్నాడు, కనుబొమ్మల దాకా తుప్పు పొడితో. ఆమె అతని వెనక చూసింది, గేటు వైపు చూసింది.

"అక్కేది?"

"రాదమ్మా."

"ఏం, ఎందుకు రాదు?"

"పోయింది. నీ కిటికీకి రంగు వెయ్యకముందే పోయింది."

అనేశాడు. ఏమీ కాలేదు. వీధిలో ఎవరో బండి స్టార్టు చేసుకుని వెళ్ళారు. టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కింది మెట్టు మీద కూలబడింది.

పెయింటరు బ్రష్షు పక్కన పెట్టి అరచేతులు చూసుకున్నాడు. బొబ్బలు లేచాయి. కొన్ని చిట్లి, లోపలికి తుప్పు దూరింది. భగభగా మండుతున్నాయి. ఆవిడ పోయాక అతనికి నొప్పి తెలియడం అదే మొదలు.

"ఒక్క పూటకే ఇలా అయ్యాయి" అన్నాడు చేతులు చాపి చూపిస్తూ. "ఇన్నేళ్ళూ ఎలా ఓర్చుకుందమ్మా? ఈ చేతుల సంగతి నాతో ఒక్కనాడూ అనలేదు. నీతో ఏమైనా అందా?"

టైలరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు రంగు కలుపుకునేటప్పుడు లోపలికొచ్చేది" అంది. "నేనే మందు రాసేదాన్ని. 'ఆయనకి చెప్పకు, తెలిస్తే నన్ను పనికి తీసుకురాడు' అనేది."

పెయింటరు ఆ చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాడు.