తెరచాప పడవ, ఇంజన్ పడవ, దేవదానం మామ

పెట్రోలు వాసన తగిలితే చాలు, నాకు దేవదానం మామ గుర్తొస్తాడు. ఆయనకేమో ఆ వాసనే గిట్టేది కాదు. మొన్న మార్కాపురంలో బండికి పెట్రోలు పోయించుకుంటూ అలాగే నిలబడిపోయాను. వెనకవాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

కంభం చెరువులో చేపలు పట్టడం నాకు నేర్పింది ఆయనే. సొంత మామ కాదు, అర్ధవీడులో మా పక్కింటాయన. ఆయనది పాత టార్పాలిన్ పట్టాలతో కుట్టిన తెరచాప పడవ, నాది కొత్త ఇంజన్ పడవ. ఏది నమ్మదగిందన్న వాదన మా మధ్య ఎప్పుడూ తెగేది కాదు. వలలకు చోటు చాలడం లేదని నేను తెడ్లు ఇంట్లో పడేసి వెళ్లిన రోజే ఇంజన్ నడిచెరువులో ఆగిపోయింది. మామ నింపాదిగా వచ్చి తాడు విసిరాడు.

"తెడ్లు యాడరా?"

"ఇంజనుండగా తెడ్లెందుకనుకున్నా మామా."

"గాలి పోతే నాకు తెడ్డుంది. ఇంజన్ పోతే నీకేముంది? నేనే గదా!"

ఒడ్డు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత కూడా ఆయన నన్ను ఎన్నోసార్లు లాక్కొచ్చాడు. ఆయన్ని లాగాల్సిన అవసరం మాత్రం అన్నాళ్లూ ఎవరికీ రాలేదు.

మామది ఒక కట్టుబాటు. ఒక పడవ నీళ్లలో ఉంటే రెండో పడవవాడు ఒడ్డు వదలకూడదు. ఆ నవ్వుల మీద కోపం పెరిగి పెరిగి, ఒక మధ్యాహ్నం ఆయన ఇంకా చెరువులో ఉండగానే నేను ఇంటికి బయల్దేరాను. చూస్తే బండి టైరు పంక్చరు. దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నానో లేదో, పెనుగాలి లేచింది. చూస్తుండగానే తెరచాప నీళ్ల మీద పడుకుంది. నా పడవ దగ్గరికి పరుగెత్తాను. తాడు మూడోసారి లాగితే ఇంజన్ అందుకుంది. నేను చేరేసరికి మామ బోర్లాపడిన పడవ అంచు పట్టుకుని వణుకుతున్నాడు. వేళ్లు అప్పటికే జారుతున్నాయి. తెరచాపతో అయితే ఆ గాలికి ఎదురు వెళ్లి ఆయన్ని అందుకోగలిగేవాణ్ణి కాదు.

ఒడ్డున దుప్పటి కప్పి అడిగాను. "ఇప్పుడు చెప్పు మామా, ఏది మంచిది?"

"ఏమోరా అల్లుడా, నాకేం అర్థం గావట్లా. నువ్వు ఒడ్డుకాడుంటావని తెలుసు. ఆ ధైర్నంతోనే పట్టుకొనున్నా."

పంక్చరు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయన బతికున్నన్నాళ్లూ చెప్పలేకపోయాను.

ఏ పడవ కొనమంటావని కుర్రాళ్లు ఇప్పుడు నన్నడుగుతారు. మాటిమాటికీ సాయం కోరేది ఇంజన్ పడవ. తెరచాప పడవ ఎప్పుడో గాని కోరదు, కోరితే ప్రాణం మీదికి తెచ్చుకునే కోరుతుంది. ఏది మేలో ఎంత ఆలోచించినా తేలదు. మామను కాపాడింది ఇంజనా, నేనా, ఆ పంక్చరా? అదీ తేలదు. ఆయన నమ్ముకున్న మనిషి ఆ రోజు ఒడ్డున లేడు, టైరు పంక్చరై ఆగిపోయినవాడే ఉన్నాడు. ఆ నమ్ముకున్న మనిషి ఇప్పుడు రోజూ, చివరి పడవ వచ్చేదాకా ఒడ్డునే ఉంటున్నాడు.