రత్నం పాస్‌వర్డ్

సాయిదుర్గకు కోపం వస్తే ముందు కీబోర్డుకు తెలుస్తుంది. ఆ రోజు పొద్దుటి నుంచి బందరులోని ఆ చిన్న ఆఫీసులో టకటకలు తప్ప మాటల్లేవు.

రేవు పక్కన పుట్టి పెరిగిన పిల్ల. చేపల వేలం యాప్ చూసుకోవడం ఆమె ఉద్యోగం. సరైన పాస్‌వర్డ్ కొట్టినా తీసుకోవట్లేదని బేరగత్తెలు మొత్తుకుంటుంటే, "మర్చిపోయుంటారు" అని కొట్టిపారేసే మహానుభావుడు ఆఫీసు యజమాని శ్రీకాంత్. మూడుసార్లు తప్పితే ఖాతాకు తాళం పడుతుంది.

అలా ఖాతాకు తాళం పడిన బేరగత్తె రత్నాన్ని కొడుకు దుర్గారావు వెంటబెట్టుకొచ్చాడు.

"అమ్మకి మతిమరుపొచ్చిందండీ. ఖాతా నా పేరు మీదకి మార్చేయండి. ఇక యాపారం మాన్పించి ఇంట్లో కూర్చోబెడతాను."

"నేనేం మర్చిపోలేదురా," అంది రత్నం. వయసులో ఉన్నప్పటి నుంచి రేవులో వేలం పాట పాడుతున్న మనిషి గొంతు ఆ గదిలో మగాళ్లిద్దరికీ వినపడలేదు.

"మార్చేద్దాంలెండి," అన్నాడు శ్రీకాంత్.

సాయిదుర్గకు ఒళ్లు మండిపోయింది. తప్పెక్కడుందో ఆమెకు ఆ పొద్దునే దొరికింది. పడవ ఒడ్డు తాకకముందు పాట మొదలెట్టకూడదని వాళ్ల రేవులో పట్టింపు. తాకగానే అందరూ ఒక్కసారే లాగిన్ అవుతారు. పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసే, అంటే గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చే ఫంక్షన్ మాత్రం అందరి జవాబులూ ఒకేచోట రాస్తుంది. ఒకరిది సరిచూసేలోపు ఇంకొకరిది దాన్ని చెరిపేస్తుంది. ఒకే కాటాలో ఇద్దరి చేపలు పోసి తూచినట్టు. గుడివాడ నుంచి వచ్చిన శ్రీకాంత్ దీన్ని ఏసీ గదిలో ఒక్కడే కూర్చుని పరీక్షించాడు. ఒక్కడికి ఎందుకు తప్పుతుంది?

"సార్, ఒకసారి మీరు లాగిన్ అవ్వండి," అంది. తన కంప్యూటర్ నుంచి రేవంతా ఒకేసారి వచ్చి పడ్డట్టు లాగిన్‌లు వదిలింది.

శ్రీకాంత్ కొట్టాడు. పాస్‌వర్డ్ తప్పు అని వచ్చింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాడు. తప్పే. ఇంకోసారి కొట్టేసరికి తాళం పడింది.

"నా పాస్‌వర్డ్ నాకు తెలీదా?" అన్నాడు ముఖం ఎర్రగా చేసుకుని.

"ఇందాక రత్నం అత్త కూడా ఆ మాటే అందండి. మీరు వినలేదు."

రత్నం తన ఫోన్‌ను కొడుకు చేతిలోంచి లాక్కుంది. శ్రీకాంత్‌ను ఎగాదిగా చూసింది.

"దుర్గారావూ, ఈ బాబుని కూడా ఇంట్లో కూర్చోబెడదామంటావా?"