ఓబులమ్మ కుండీలో గోగు

ఎర్రగుంట్లలో మొక్క బతకడమంటే మాటలు కాదు. పైన ఎండ, కింద నాపరాయి, నడుమ సిమెంటు దుమ్ము. అలాంటి ఊళ్ళో మిద్దె మీద గులాబీలూ లిల్లీలూ విరగబూయించి, దారిన పోయేవాళ్ళ కడుపు మండించే మనిషి ఓబులమ్మ. భక్తిపరురాలే, కాదనను. వినయం గురించి అయ్యగారు వాక్యం చెబుతుంటే అందరికంటే ముందు తల ఊపుతుంది. మొక్కల మాట వచ్చిందా, ఆ వినయం చర్చి గుమ్మంలో చెప్పుల పక్కనే ఉండిపోతుంది.

పంటలు ఇంటికొచ్చే కాలంలో చర్చిలో కోత పండగ చేస్తారు. ఎవరు ఏది పండిస్తే అది తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, వేరుశనగ మూటలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ఓబులమ్మ పెనిమిటి ఏసేపు బతికున్నన్నాళ్ళూ ఏటా ఒక పూలకుండీ తీసుకుపోయి ముందు వరసలో నడిమధ్యన పెట్టేవాడు. ఆయన పోయాక కూడా ఆ చోటు ఖాళీగా ఉండనిచ్చింది లేదు ఓబులమ్మ. ఆ చోటు మీద జీవితకు కన్నుంది. జీవిత కూడా కుండీలు పెంచుతుంది, వెనక వీధిలో.

ఈ ఏడు ఓబులమ్మ కూతురి కాన్పుకని రాజంపేట పోయింది. తాళాలు మిద్దె మీద గదిలో అద్దెకున్న హెన్రీ చేతిలో పెట్టింది. సిమెంటు ఫ్యాక్టరీలో లారీలను కాటా వేసే కుర్రాడు. పిల్లాడు మంచివాడే, ఒట్టి బద్ధకస్తుడు. మనవరాలిని ఎత్తుకుని, ముద్దులాడి, తిరిగొచ్చి మిద్దె ఎక్కిచూస్తే ఏముంది? ఒక్క మొక్క కూడా పచ్చగా లేదు. అన్నీ కట్టెపుల్లలైపోయాయి.

"ఏమిరా హెన్రీ, మొక్కలకు నీళ్ళు పోయమని చెప్పిపోయినానా లేదా?"

"మరిచిపోయినా అత్తా. డ్యూటీ శానా ఎక్కువుండె."

"అన్నం తినేది మరిచిపోయినావా ఏనాడైనా?"

తిట్టుకుంటూ నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయింది. అక్కడొక కుండీ ఉంది. అది ఆమెది కాదు. అందులో మొక్క ఒకటి తల వేలాడేసుకుని ఉంది. విచిత్రమేమంటే మిద్దె మీద చుక్క నీళ్ళు ఎరగని కుండీలుంటే, ఇది మాత్రం బురదగుంటలా ఉంది.

"ఇదేందిరా? నాటుగోగు గదా?"

చేతివేళ్ళలా విచ్చుకున్న ఆకులు, అంచుల్లో రంపపు పళ్ళు. వేరుశనగ చేల గట్ల మీద గోగు కోసుకుంటూ పెరిగిన మనిషికి మరేం తడుతుంది చెప్పండి? హెన్రీకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"ఆ... అదే అత్తా! గోగే! మా అమ్మ విత్తనాలిచ్చింటే ఏసినా."

ఓబులమ్మ కోపం అక్కడే చల్లారింది. జబ్బు చేసిన మొక్క కనబడితే ఆమెకు లోకం కనబడదు. కొంగు దోపుకుని కూచుంది. మట్టిలోకి వేలు దించి వాసన చూసింది, కుళ్ళు కంపు. ఒకాకు తిప్పి చూసింది, మీద బూడిదరంగు దుమ్ము అట్టకట్టింది. కింది ఆకులు పసుపుపచ్చ, కొసలు మాడిపోయాయి. కుండీని ఎత్తి అడుగు తడిమింది. చిల్లి లేదు.

"ఓరి నీ తెలివి తెల్లారా! అడుగున బొక్క లేకుండా పొద్దుమాపులా నీళ్ళు పోస్తే యాడికి పోతాయిరా? ఏరు మురిగిపోతాండాది. పైన యూరియా గూడా గుమ్మరించినట్టుండావే?"

"రవ్వంత అత్తా. బిరీన పెరుగుతాదని."

"బిడ్డ పెరగాలని బస్తాడన్నం ఒకేసారి కుక్కుతామా?"

మేకు పెట్టి కుండీకి చిల్లి పొడిచింది. మురిగిన వేర్లు కత్తిరించి, ఎర్రమట్టిలో ఇసుకా, మాగిన పేడా కలిపి మళ్ళీ నాటింది. తడిగుడ్డతో ఆకాకూ తుడిచింది. తుడుస్తుంటే ఏదో ఘాటు వాసన వచ్చింది. వీడు చల్లిన మందు వాసన అనుకుంది. "సావొద్దే తల్లీ, పండక్కి నువ్వొక్కదానివే మిగిలినావు నాకు," అని బతిమాలుకుంది కూడా. నిజంగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ముందు వరస ఖాళీ అయితే ఏసేపును రెండోసారి పోగొట్టుకున్నట్టే ఆమెకు.

మొక్క కోలుకుంది. కోలుకోవడమా! కొమ్మ మీద కొమ్మ వేసి గుబురెక్కింది. ఇక దానికి ట్యాంకు చాటు ఎందుకని తెచ్చి వీధిగుమ్మం మెట్ల మీద పెట్టింది. హెన్రీ గతి ఏం చెప్పను? డ్యూటీకి పోతూ దాని మీద తువ్వాలు కప్పేవాడు, ఈమె తీసేసేది. "ఎండకు వాడిపోతాదత్తా," అంటే, "ఎండ లేకుండానే గదరా నువ్వు సంపబోయింది," అనేది. చివరికి పండగకు గులాబీ మొక్క కొనిస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఓబులమ్మ వినలేదు. తన చేత్తో బతికించినదే దేవుని ముందర నిలబడాలని ఆమె పంతం.

పండగ రోజు గోగుచెట్టు ముందు వరసలో నడిమధ్యన కొలువుతీరింది. జీవిత క్రోటన్ మొక్క పక్కకు జరిగింది. ఆరాధన ముగిసి, యేసుప్రసాద్ అయ్యగారు వేలం మొదలుపెట్టి, ఓబులమ్మక్క గోగు అనగానే వెనక వరసలో గాబ్రియేలు లేచి నిలబడ్డాడు. గాబ్రియేలు రాజంపేటలో కానిస్టేబులు, పండక్కి సెలవు మీద ఊరికొచ్చాడు. మొక్కను చూడగానే అదేమిటో అతనికి తెలిసిపోయింది. ఉన్న మాట అంటే చర్చి పరువు పోతుంది. పైగా ఆదివారపు బడిలో తనకు వాక్యాలు నేర్పింది ఓబులమ్మే. ఇక చేసేదేముంది, వంద రూపాయలని పాడాడు.

మరోపక్క హెన్రీ కూడా లేచాడు. రెండొందలు!

వంకాయలు వేలం వేస్తే ఊగని జనం ఇప్పుడు ఊగిపోయారు. ఇతను పెంచితే అతను పెంచాడు. పాట వేలల్లోకి పోయింది. ఓబులమ్మ కొంగు సర్దుకుని, జీవిత వైపు చూడనట్టే చూసింది. జీవితకు ఒళ్ళు మండింది. విసవిసా ముందుకొచ్చి మొక్క మీదికి వంగింది.

"ఇది గోగేందక్కా? వాసనే వేరే ఉండాది. నువ్వెప్పుడన్నా రుచి జూసినావా?"

"నాకు గోగు తెల్దంటావా?" ఓబులమ్మకు కోపం నషాళానికంటింది. చటుక్కున ఆకు తుంచి, గాబ్రియేలు "పెద్దమ్మా వద్దు!" అని అరుస్తుండగానే నోట్లో వేసుకుని నమిలింది.

పులుపు లేదు. చేదు. ఆ చేదు వెనక పచ్చి ఘాటు. చిన్నప్పుడు తిరునాళ్ళలో బైరాగుల పక్కనుంచి పోతే ముక్కు మూసుకున్న వాసన. తలెత్తి చూసింది. హెన్రీ తల నేలకు దించుకున్నాడు. గాబ్రియేలు రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు. ఆమెకంతా అర్థమైంది. ఏసేపు చోట్లో, దేవుని బల్ల ముందు, గంజాయి! చర్చి మొత్తం ఆమె నోటి వంకే చూస్తోంది, అందరికంటే ముందు జీవిత.

ఓబులమ్మ నమిలింది మింగేసింది.

"అబ్బా, ఏం పులుపమ్మా! పండ్లు జివ్వుమంటాండాయి."

హెన్రీ పాట ఆపి కూలబడ్డాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కుండీ గాబ్రియేలుదైంది. అతను దాన్ని తువ్వాలుతో చుట్టి, చర్చి వెనకున్న చింతచెట్ల కిందికి మోసుకుపోయాడు. వెనకాలే ఓబులమ్మ, ఆమె చేతిలో హెన్రీ చొక్కా కాలరు.

"స్నేహితుడు విత్తనాలిచ్చినాడత్తా... ఊరికే చూద్దామని..."

"ఏంది చూసేది? నీతోపాటు నన్నూ జైల్లో ఏపిస్తాంటివి గదరా! పీకు. నీ చేత్తోనే పీకు."

హెన్రీ పీకాడు. వేర్లు తెల్లగా, బలంగా, మట్టిని గుప్పెట పట్టుకుని వచ్చాయి. ఆ వేర్లను చూసి ఓబులమ్మకు దుఃఖం ఆగలేదు. మొహం తిప్పుకుంది. గాబ్రియేలు అక్కడికక్కడే తగలబెట్టాడు, గాలి ఏ వైపు వీస్తోందో రెండుసార్లు చూసుకుని మరీ. పాటలో పెట్టిన డబ్బు హెన్రీ జీతంలోంచి తీర్చాలనీ, ఖాళీ కుండీలో అసలైన గోగు పెంచి వచ్చే పండగకు తేవాలనీ తీర్పు చెప్పాడు.

ఇంటికొచ్చాక ఓబులమ్మ నోరు పదిసార్లు పుక్కిలించింది. ఏసేపు ఫోటో ముందు మోకరించి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, నీ గుళ్ళో నిలబడి పులుపని అబద్ధం చెప్తిని. క్షమించు. చెట్టేదో పోల్చుకోలేకపోతిని, దానికీ క్షమించు." ఎంత ఆపుకున్నా నోరు ఆగలేదు. "కానీ సచ్చేదాన్ని ఎట్ల బతికించినానో, అది మాత్రం నువ్వు చూసినావు గదా?"