ఆగి అందుకోవలసిన పాట

నాలుగువందల ఏళ్ల కిందటి, బరోక్ సంగీతం తొలినాళ్ల ఆ ఇటలీ సంగీతకర్త పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ తెలియదు. నా బాధ అదే. రేడియోలో ఎప్పుడూ ఆ పేరుమోసిన జర్మన్ సంగీతకర్తలకే పీట. ఎనభైల మొదట్లో, లైబ్రరీవాళ్లు అక్కర్లేదని పెట్టెలో పడేసిన రికార్డుల్లో ఈయన దొరికాడు. కట్టిన కీర్తనలు మూడువందల ఏళ్లకు పైగా ఏదో గుడి బీరువాలో ఎలుకల పాలయ్యాయని అట్ట మీద ఉంది. ఎలుకలే నయం, రుచైనా చూశాయి.

నాకు సంగీతం నేర్పినవాడు లేడు. చిన్నప్పుడు మిషన్ బడి గోడకు వేలాడిన డో-రే-మీ పటమే గురువు. ఆ చలికాలమంతా కార్ల ఫ్యాక్టరీ నుంచి రాగానే రికార్డు ముందు కూర్చుని, అందులో ఒక పాటలో కలగలిసిన నాలుగు గొంతుల వరసలూ విడదీశాను. లాటిన్ తీసేసి మన దావీదు కీర్తన మాటలు కూర్చాను. పాట సొగసంతా ఒక్కచోటే ఉంది: ఆడవాళ్లు ఎత్తుకుంటారు, అదే వరసను మగవాళ్లు కాస్త ఆగి అందుకుంటారు. దాన్ని మనవాళ్ల గొంతుల్లో ఒక్కసారి వినాలని నా కోరిక.

మేం వలసొచ్చిన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం తెల్లవాళ్ల చర్చి బేస్‌మెంట్‌లో కూడేది. పాస్టరుగారు మొహం మాడ్చారు.

"క్యాథలిక్ పాట కదా బ్రదర్?"

"దావీదు ఏ చర్చి మెంబరండీ అయ్యగారూ?"

ఆయన దగ్గి, "సరే, ఈస్టర్‌కి ఒక్కసారి ట్రై చేయండి. తేడా వస్తే మళ్లీ అడగొద్దు," అన్నారు.

ఆడవాళ్లకు ఆరాధనయ్యాక అందరి ముందూ హాల్లోనే నేర్పాను. మగవాళ్లకు మా ఇంట్లో. దాంతో ఆడవాళ్ల వరస సంఘమంతటికీ నోటికొచ్చింది. మగవాళ్లు ఆగాలని మాత్రం ఎవరికీ తెలియదు.

ఈస్టర్ నాడు ఆడవాళ్లు చక్కగా ఎత్తుకున్నారు. మగవాళ్లు ఆగారు. మా సంఘంలో పాట తడబడితే ఎవరూ చూస్తూ ఊరుకోరు, గొంతు కలిపి గట్టెక్కిస్తారు. పాపం, మగవాళ్లు మరిచిపోయారనుకున్నారు. ముందు పాస్టరమ్మగారు అందుకున్నారు, వెనక హాలంతా అందుకుంది. ఎవరో డోలక్ తీశారు. నా మగవాళ్లు సిగ్గుపడి గుంపులో కలిసిపోయారు.

పాస్టరుగారి కళ్లు చెమర్చాయి. "ఎంత బాగా కలిశారు బ్రదర్ అందరూ. ఇక ఏటా పాడదాం."

"కలవకూడదండీ. పాటంతా అందులోనే ఉంది."

"అదేంటి బ్రదర్, సంఘం కలవకూడదా?"

అన్నట్టే ఏటా పాడుతున్నారు, చప్పట్లతో. గుంటూరు వైపు పాత కీర్తన అని కొత్తవాళ్లకు చెబుతారు. నేను మాత్రం ఆగవలసినంత ఆగి, మగవాళ్ల వరస ఒక్కణ్ణే అందుకుంటాను. పోయిన ఈస్టర్‌కి పక్కనున్న అమ్మాయి జాలిపడి, తన పాట కాగితం నా ముందుకు జరిపి వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడున్నాం అంకుల్."