ఐర్లాండులో చచ్చిపోయిన భూమేశ్

భూమేశ్ తాను చచ్చిపోయిన సంగతి ఒక శుక్రవారం పొద్దున ఉల్లిగడ్డలు కోస్తుండగా విన్నాడు.

ఒమాన్‌లోని సోహార్ పోర్టు వెనక లేబర్ క్యాంపులో శుక్రవారం సెలవు. ఎవరి పని వాళ్లది. ఒకడు గడ్డం గీసుకుంటాడు, ఒకడు ఇంటికి వీడియో కాల్ చేస్తాడు, వంట వంతు వచ్చినవాడు కోడికూర పనిలో పడతాడు. ఆ వారం వంతు భూమేశ్‌ది. జగిత్యాల దగ్గరి పల్లె మనిషి. ఇనుప చువ్వలు కట్టీ కట్టీ అరచేతులు చెప్పు తోలులా అయినవాడు. నోట్లో నాలుక లేదంటారే, అలాంటివాడు. కూరలో కారం తగ్గితే తప్ప గొంతు పెంచడు.

సైట్‌లో టైమ్‌కీపర్‌గా చేసే ముఖీత్ చెప్పులైనా విడవకుండా రూమ్‌లోకి వచ్చాడు. హైదరాబాద్ పాతబస్తీ పిల్లవాడు, క్యాంపులో ఇంగ్లీషు బాగా వచ్చినవాడు అతనొక్కడే.

"భూమేశ్ భాయ్, కత్తి కింద పెట్టు. ఒకటి చూపిస్త, పరేషాన్ కావద్దు" అన్నాడు.

ఫోన్‌లో ఒక పెద్ద హాలు, సగం ఖాళీగా ఉంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకామె నిలబడి, కళ్లజోడు చేత్తో ఊపుతూ మాట్లాడుతోంది. భూమేశ్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మధ్యలో ఆమె ఆగి, కళ్లజోడు పెట్టుకుని, కాగితం చూసి, "బూమెష్" అంది. మళ్లీ ఇంకోసారి, ఈసారి గట్టిగా.

"ఓర్నీ, మన భూమేశన్న పేరు!" అని రూమంతా ఫోన్ చుట్టూ మూగింది.

"ఆమె ఐర్లాండ్ పార్లమెంట్ల అపోజిషన్ మెంబర్" అన్నాడు ముఖీత్. "మన కంపెనీకి ఈ పని ఇచ్చింది ఐర్లాండోళ్లు కదా. అందుకే వాళ్ల మంత్రిని అడుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండల పని చేయించి భూమేశ్‌ను చంపిండ్రు, జవాబు ఎవరు చెప్తరు అంటుంది."

"దినాలకు మటన్ పెట్టాలె మరి, కోడితోని అయితదా?" అని మూల మంచం మీంచి ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు, భూమేశ్ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఎవరో భూమేశ్ మంచం పైనున్న ఖాళీ మంచం వైపు చూశారు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

పోయిన ఎండాకాలం దాకా ఆ పై మంచం గంగాప్రసాద్‌ది. మెట్‌పల్లి పక్కవాడు, భూమేశ్ కంటే చిన్నవాడు, "అన్నా, అన్నా" అంటూ వెనకే తిరిగేవాడు. వాడికి ఒక పాడు అలవాటుండేది. అన్నం తినేటప్పుడు హెల్మెట్ బోర్లించి దాని మీద కూర్చునేవాడు. నిజానికి సైట్‌లో అందరూ అదే చేస్తారు. కాలే ఇసుక మీద ఇంకెక్కడ కూర్చుంటారు? కానీ వీడు కూర్చుని ఊరుకోడు, ముచ్చట్లు చెబుతూ ఊగుతాడు. "అది నెత్తిన పెట్టుకునేదిరా, ముడ్డి కింద పెట్టుకునేది కాదు" అని భూమేశ్ ఎన్నిసార్లు తిట్టాడో. ఊగీ ఊగీ జూన్ నెలలో ఒకరోజు అది కాస్తా పగిలింది.

హెల్మెట్ లేనివాణ్ణి సైట్ గేటు దాటనివ్వరు. మర్నాడు పొద్దున భూమేశ్ జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడు. గంగాప్రసాద్ మంచం పట్టుకుని నిలబడి, "నీది ఇయ్యరాదే అన్నా, నువ్వెట్లాగూ డ్యూటీకి పోవు గద" అన్నాడు.

"తీస్కపో. దాని మీద కూసున్నవంటే తంత" అన్నాడు భూమేశ్, కళ్లు తెరవకుండానే. వాడితో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఆ హెల్మెట్ ముందు భాగాన, ఎవడూ ఎత్తుకుపోకుండా, ఎర్ర పెయింటుతో ఇంగ్లీషు అక్షరాల్లో భూమేశ్ అని రాసి ఉంటుంది.

వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని ఒమాన్ సర్కారు రూలు పెట్టింది. ఆ రూలు సైట్ ఆఫీసులో ఏసీ కింద గోడకు అంటించి ఉంది. ఆ రోజు కాంక్రీటు బండి ఆలస్యంగా వచ్చిందని, పని ఆగకూడదని ఫోర్‌మన్ పట్టుబట్టాడు. గంగాప్రసాద్ చువ్వల మీద కూలబడ్డాడు. ఏదో వాగాడు, నీళ్లు తాగలేకపోయాడు, ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. గుండె ఆగి చనిపోయాడని కాగితం ఇచ్చారు. గుండె ఆగకుండా చచ్చినవాణ్ణి ఎవరైనా చూశారా? చువ్వల మీద మిగిలిన హెల్మెట్‌ను ముఖీత్ కడుపుమంట కొద్దీ ఫోటో తీసి, మధ్యాహ్నపు ఎండ ఒకణ్ణి చంపిందని రాసి, తన పేరు పెట్టకుండా నెట్‌లో వదిలాడు. అది చేతులు మారి మారి ఐర్లాండు చేరేసరికి, హెల్మెట్ మీది పేరే చచ్చినవాడి పేరయింది.

"తప్పని చెప్పరాదురా మరి ఆమెకు?" అన్నాడు భూమేశ్.

"చెప్తే ఫోటో ఎవడు తీసిండని అడుగుతరు. నా నౌకరీ ఖల్లివల్లి, పోయినట్టే. నీ హెల్మెట్ ఇంకొకనికి ఎందుకిచ్చినవని నీది కూడా ఖల్లివల్లి. చుప్ ఉండు భాయ్, నాల్గు రోజులైతే మర్చిపోతరు."

భూమేశ్ ఊరుకున్నాడు. ఊరుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

వార్త మాత్రం ఊరుకోదు కదా. ఊళ్లోని ఫోన్లన్నీ తిరిగి ఆయన భార్య నవీన చెవిన పడింది. ఆమె వీడియో కాల్‌లో మొగుడి మొహం చూసింది, మాట విన్నది, అయినా నమ్మలేదు. "ఫోన్ కిందికి పట్టు. కాళ్లు చూపియ్యి" అంది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా. భూమేశ్ నవ్వుకుంటూనే చూపించాడు. ఫోన్ పెట్టేశాక తన పాదాలను తానే మరోసారి వంగి చూసుకున్నాడు.

ఐర్లాండ్ మేడం నాలుగు రోజులకు మరిచే రకం కాదని తేలింది. క్యాంపులో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. అద్దె కట్టలేక పిల్లలతో హోటల్ గదుల్లో కాలం గడిపే సంసారాల గురించి మాట్లాడింది. చక్రాల కుర్చీ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే పిల్లల గురించి, ముసలివాళ్లకు సేవ చేసి తమ నడుము పోగొట్టుకున్న ఆడవాళ్ల గురించి మాట్లాడింది. ఏది మాట్లాడినా చివరికి సముద్రం దాటి ఇక్కడికి వచ్చేది. మన దేశపు కంపెనీ ఏ దేశంలో పని చేయించినా అక్కడి కూలీ ప్రాణానికి పూచీ పడేలా చట్టం తెండి, లేకుంటే భూమేశ్‌కు మనం ఏం చెబుతాం అని ముగించేది. ముఖీత్ ప్రతిదీ తెలుగులో చెప్పేవాడు. తన పుట్టుకకూ చావుకూ సంబంధం లేని ఒక ముసలామె తన కోసం అంతగా గొంతు చించుకుంటుంటే భూమేశ్‌కు కడుపు నిండినట్టూ ఉండేది, దొంగసొమ్ము తిన్నట్టూ ఉండేది. తన కోసం జీవితంలో ఎవరూ అలా నిలబడి మాట్లాడలేదు. మాట్లాడినప్పుడేమో తను చచ్చినవాడై ఉన్నాడు.

అప్పటినుంచే గంగాప్రసాద్ కనిపించడం మొదలైంది. చీకట్లో కాదు, మిట్టమధ్యాహ్నం. అన్నం డబ్బాలు విప్పే వేళకు పైపుల నీడలో, హెల్మెట్ బోర్లించుకుని కూర్చుని, మెల్లగా ఊగుతూ. భూమేశ్ డబ్బా మూసి పక్కన పెట్టేసేవాడు. కంపెనీ ఇచ్చిన కొత్త హెల్మెట్ మీద ఆయన పేరు రాయించుకోలేదు. అయినా నెత్తిన పెట్టుకోగానే, ఇంకెవరి చెమటో తగిలినట్టు లోపల తడితడిగా ఉండేది.

ఒక సాయంత్రం గంగాప్రసాద్ భార్య సంగీత ఫోన్ చేసింది.

"అన్నా, బాగున్నవా? నీ పేరు పెద్ద పార్లమెంట్ల సదువుతుండ్రట గదా."

"అవునమ్మా" అన్నాడు భూమేశ్.

"మా ఆయన పేరు ఎవ్వరన్న అన్నరా అన్నా? ఒక్కసారన్న?"

భూమేశ్ పై మంచం వైపు చూశాడు.

"ఇక్కడ మంది గుండెజబ్బోడు అంటుండ్రు. రోగం దాసిపెట్టి నాకు కట్టిండ్రంటుండ్రు. ఆయన చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదెటోడన్నా. నీకెరుకనే గద."

"ఎరుకనే బిడ్డా" అన్నాడు. తప్పు పట్టినా బాగుండేది. ఆమె ఒక్క మాటా తప్పు పట్టలేదు, అదే ఆయనను తినేసింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఐర్లాండు మంత్రి లేచి జవాబు చెప్పాడు. మేం విచారించాం, భూమేశ్ అనే మనిషి బతికే ఉన్నాడు, రోజూ డ్యూటీకి వస్తున్నాడు, సభ్యురాలు బతికున్నవాళ్లను చంపడం మానుకుంటే మంచిది అన్నాడు. హాలు ఘొల్లుమంది. ఐర్లాండ్ మేడం కళ్లజోడు తీసి, చేతిలో కాగితం బోర్లించి కూర్చుంది. హోటల్ గదుల్లోని పిల్లలు, చక్రాల కుర్చీలు, నడుములు పోయిన ఆడవాళ్లు, అన్నీ ఆ ఒక్క నవ్వులో కొట్టుకుపోయాయి. ఆ నవ్వుకు ముఖీత్ తెలుగు చెప్పనక్కర్లేకపోయింది. ఆమె కూర్చున్న తీరు చూసి భూమేశ్‌కు ఏడుపొచ్చింది.

మర్నాడే ముదీర్ నుంచి పిలుపు. అక్కడ మేనేజరును అలాగే అంటారు. భూమేశ్ ఆ ఆఫీసు లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ముదీర్ లేచి చెయ్యి కలిపాడు, కుర్చీ చూపించాడు, జ్యూస్ తెప్పించాడు. తర్వాత హిందీలో చెప్పాడు: చిన్న వీడియో కావాలి. పేరు చెప్పు, బతికే ఉన్నానని చెప్పు, కంపెనీ బాగా చూసుకుంటోందని చెప్పు. మీ భాషలోనే మాట్లాడు, నిజంలా ఉంటుంది. కింద ఇంగ్లీషులో ముఖీత్ రాస్తాడు. అది ఐర్లాండుకు పోతుంది, ఈ గొడవ ఇక్కడితో ముగుస్తుంది.

ముదీర్ చెప్పమన్నదాంట్లో పెద్ద అబద్ధమేమీ లేదు. భూమేశ్ పేరు భూమేశే, బతికే ఉన్నాడు. కానీ ఆ మాట పంపాడంటే, ఆ ఎండలో ఎవడూ చావలేదన్న మాట ఖాయమైపోతుంది. గంగాప్రసాద్ రెండోసారి చస్తాడు, ఈసారి పేరు కూడా మిగలకుండా.

హెల్మెట్ పెట్టించి పైపుల ముందు నిలబెట్టారు. మధ్యాహ్నం కావస్తోంది. ముఖీత్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. వాడి వెనక నీడలో ఇంకొకడు కూర్చుని ఊగుతున్నాడు. భూమేశ్ ఫోన్ వైపు చూడలేదు, వాడి వైపే చూస్తూ మాట్లాడాడు.

"నా పేరు భూమేశ్. నేను బతికే ఉన్న" అన్నాడు. ముదీర్ తలాడించాడు.

"ఆ ఫోటోల హెల్మెట్ నాది. దాని కిందున్న నెత్తి గంగాప్రసాద్‌ది. మెట్‌పల్లి దిక్కు పిల్లగాడు. పెండ్లాం పేరు సంగీత. వానికి ఏ రోగం లేకుండె. ఎండల పడి సచ్చిండు, పని ఆపనియ్యలే. మేడమ్మా, నువ్వు అన్న మాటల పేరొక్కటే తప్పు. తతిమ్మాది అంతా నిజం."

"క్యా బోలా?" అని ముదీర్ ముఖీత్‌ను అడిగాడు.

ముఖీత్ భూమేశ్‌ను చూశాడు. "జిందా హూఁ బోలా, సాబ్" అన్నాడు. బతికే ఉన్నానన్నాడని చెప్పడం, అదీ అబద్ధం కాదు.

వీడియో ఐర్లాండు చేరింది, కింద ముదీర్ కోరిన ఇంగ్లీషుతోనే. కానీ మనవాళ్లు లేని ఆస్పత్రి లోకంలో ఎక్కడైనా ఉందా? అక్కడ పనిచేసే తెలుగు నర్సు ఒకామె అది విని, డ్యూటీ బట్టల్లోనే ఐర్లాండ్ మేడం ఆఫీసుకు వెళ్లిందట. మేడం మళ్లీ లేచింది. ముందు క్షమాపణ చెప్పింది. నేను తప్పు పేరు చదివాను, ఆ తప్పు నాది, చనిపోయినవాడికి కాదు అంది. తర్వాత కాగితం చూడకుండా, నేర్చుకుని వచ్చిన పిల్లలా, "గంగా ప్రసాద్" అని విడదీసి పలికింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చట్టం వచ్చిందా అంటే రాలేదు, వస్తుందో రాదో తెలియదు. భూమేశ్ ఆ వీడియో ముక్కను సంగీతకు పంపాడు. కాసేపాగి ఫోన్ చేశాడు. అవతల అదే ముక్క మళ్లీ మళ్లీ మోగడం వినిపించింది.

ఆ సాయంత్రమే ఫోర్‌మన్ రూమ్‌కు వచ్చి మేకుకున్న భూమేశ్ హెల్మెట్ తీసుకుపోయాడు. దాని అర్థం నౌకరీ పోయిందని గల్ఫు చేసినవాడికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. తర్వాతి వంతు తనదేనని ముఖీత్‌కూ తెలుసు. అయినా పొద్దున భూమేశ్ అందరితోపాటు కంపెనీ బస్సెక్కాడు, అందరితోపాటు గేటు దగ్గర వరుసలో నిలబడ్డాడు.

సెక్యూరిటీ మనిషి ఆయన ఉత్త తల చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "హెల్మెట్ నహీఁ, అందర్ నహీఁ. వాపస్ జావ్."

భూమేశ్ కదల్లేదు. జ్వరంతో పడుకున్న ఆ పొద్దున ఈ గేటు దగ్గర గంగాప్రసాద్‌తో ఎవరూ అనని మాట అది. అని ఉంటే వాడు రూమ్‌కు తిరిగొచ్చేవాడు, బతికేవాడు. అన్ని నెలలుగా మనసులో ఎన్నిసార్లు అనిపించాడో ఆ మాటను, ఆ పిల్లవాడితో, ఇదే మనిషి చేత. కోపం రాలేదు. ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టయింది, వెంటనే దుఃఖం ముంచుకొచ్చింది.

పక్కకు తిరిగి, ఎవరూ లేని చోటికి చూసి, "ఇన్నవా తమ్మీ, హెల్మెట్ లేదని ఎనకకు పొమ్మంటుండు" అన్నాడు. "పా, రూమ్‌కు పోదాం."