మునిగే ఊరి నుంచి తెచ్చిన వాకిలి

మా ఇంట్లో కొత్తగా కొన్న వస్తువులు చాలా తక్కువ. కడప శివార్లలోని మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు బీరువానో మంచాన్నో చూసి ఎక్కడ కొన్నారని అడుగుతారు. బీరువా, బదిలీ మీద వెళ్లిపోయిన ఒక బ్యాంకు ఉద్యోగిది. మంచం ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన అమ్మింది. ఫ్రిజ్జు, కుట్టుమిషను, మా ఆయన నడిపే చిన్న కారు, అన్నీ ఇంకొకరి చేతుల్లో పనిచేసి వచ్చినవే. చెప్పుకోవడానికి నాకు నామోషీ ఏమీ లేదు.

ఈ అలవాటు మా అమ్మది. మాది కోసిగి దగ్గర ఒక పల్లె. వానలు పడని ఏడు, అంటే దాదాపు ప్రతి ఏడూ, అమ్మా నాన్నా మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి ఇళ్లలో వద్దనుకున్న గిన్నెలో, కుర్చీనో, ఏదో ఒకటి మూటలతో పాటు బస్సు మీద ఎక్కించుకొని వచ్చేది అమ్మ. ఒకసారి టేబుల్ ఫ్యాను తెచ్చింది. నేను కొత్తది కావాలని మొండికేస్తే, "కొత్తదానికి దుడ్లు పెడితే అది ఎట్ల పనిచేస్తాదో ఎవురికి తెలుసు? ఇదైతే ఇన్నేండ్లు తిరిగి సూపిచ్చిండాది" అంది. ఆ ఫ్యాను నా పదో తరగతి పరీక్షల దాకా తిరిగింది.

పెళ్లయి కడప వచ్చాక నేను ఒక బడిలో చదువు చెప్పేదాన్ని. మా ఆయనకు కాలిపోయిన నీళ్ల మోటార్లకు తీగ చుట్టి బాగుచేసే అంగడి ఉంది. ఇద్దరం కూడబెట్టింది పెట్టి ఇల్లు మొదలుపెడితే, స్లాబు పడేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. తలుపులూ కిటికీలూ ఎట్లా అని దిగులుపడుతుంటే మా వడ్రంగి ఒక దారి చెప్పాడు. జమ్మలమడుగు అవతల రిజర్వాయరు నీళ్లలో మునగబోయే పల్లెలను ఖాళీ చేయిస్తున్నారనీ, అక్కడ పాత మిద్దెల దూలాలూ, ద్వారబంధాలతో సహా వాకిండ్లూ అమ్ముతున్నారనీ అన్నాడు. "ఇప్పుడు అట్లాంటి కొయ్య కొనాలన్నా దొరకదు" అన్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడుకొని ముగ్గురం బయలుదేరాం.

ఆ ఊళ్లోకి వెళ్లేటప్పుడు నాకు సంతోషంగానే ఉంది. వీధి మలుపు తిరగగానే ఆ సంతోషం పోయింది. సగం ఇళ్లకు కప్పులు లేవు. గోడల మీద దేవుళ్ల క్యాలెండర్లు ఇంకా వేలాడుతున్నాయి. ట్రాక్టర్ల మీదికి దూలాలు ఎక్కిస్తున్నవాళ్లు మమ్మల్ని చూసి, ఏం కావాలో కూడా అడగకుండా, ఫలానా ఇంటికి పోండని చేత్తో చూపించారు. మాలాంటి వాళ్లు రోజూ వస్తున్నారన్నమాట.

వాళ్లు చూపిన ఇంటి అరుగు మీద అరవై దాటిన ఒకామె చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె వెనకే ఉంది ఆ వాకిలి. రెండు రెక్కల టేకు వాకిలి. ద్వారబంధం మందం నా జానెడు కంటే ఎక్కువ. వడ్రంగి దగ్గరికి పోయి అరచేత్తో నిమిరి మా ఆయన వైపు చూసి తలూపాడు.

"వాకిలి అమ్ముతారంట కదా పెద్దమ్మా" అని మా ఆయన అడిగాడు.

"అమ్మక ఏం చేసేదప్పా. నీళ్లొస్తే ఎత్తుకోని పోయేదానికి అయితాదా" అంది ఆమె, చేట పక్కన పెట్టి. "యాడ పెడతారు దీన్ని?"

"కడపలో ఇల్లు కట్టుకుంటున్నాం" అన్నాను నేను.

"ముందర వాకిలికేనా? యాడన్నా పశువుల కొట్టానికా?"

"ముందరికే పెద్దమ్మా."

"అయితే తీసకపోండి" అంది. ధర మాట ఆమె ఎత్తలేదు. లోపలి నుంచి ఆమె కొడుకు వచ్చి మా ఆయనతో మాట్లాడుకున్నాడు. ఆమె నాకు ఆ కొయ్య కథ చెప్పింది. వాళ్ల మామ నల్లమల నుంచి ఎద్దుల బండి మీద తెప్పించి చేయించాడట. తాను కాపురానికి వచ్చిన రోజు ఇంకా రంగు వాసన పోలేదట.

వడ్రంగి గడ్డపార ఎత్తగానే "కొంచెం ఆగప్పా" అంది. నీళ్లు తెచ్చి గడప కడిగింది. పసుపు రాసి బొట్లు పెట్టింది. ఆ తర్వాత లోపలికి పోయి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ మళ్లీ ఆ వాకిట్లోంచే బయటికి వచ్చి, "ఇంక తీయండి" అని అరుగు దిగి వీధి అవతలికి పోయి నిలబడింది. గోడలోంచి అది ఊడి వస్తున్నంత సేపూ మా వైపు చూడలేదు.

మేము బయలుదేరబోతుంటే నన్ను లోపలికి పిలిచింది. దేవునింటికి ఒక చిన్న వేప వాకిలి ఉంది. "దీనికేం ఇయ్యొద్దులే పాపా. ఊరికే తీసకపో" అంది. వడ్రంగి వచ్చి కింది భాగాన్ని వేలితో తట్టి చూశాడు. చెదలు పట్టిందన్నాడు. దీన్ని బాగుచేసే కూలికి కొత్తదే వస్తుందన్నాడు. ట్రాలీలో కూడా చోటు లేదు. మేము వద్దన్నాం. "సరేలే" అంది ఆమె. కాసిని శనక్కాయలు నా కొంగులో పోసి పంపించింది.

ఆ వాకిలి మా ఇంటికి ఎంత అక్కరకు వచ్చిందో చెప్పాలి. మేము ఇల్లు కట్టిన ఏడే పక్కింటివాళ్లూ కట్టారు. అంగట్లో కొత్త తలుపు తెచ్చి బిగించారు. మొదటి వానలకే అది ఉబ్బి గట్టిగా తన్నితే గానీ పడేది కాదు. ఎండాకాలం వచ్చేసరికి చేయి దూరేంత సందు పడింది. మా వాకిలికి మాత్రం ఆ బాధ లేదు. ఎన్ని ఎండలు చూసిందో, ఎంత ముడుచుకోవాలో అంత ఎప్పుడో ముడుచుకొని, ఇక కదలడం మానేసిన కొయ్య అది. మధ్యాహ్నం రెక్కలు మూస్తే ఇల్లు చల్లగా ఉంటుంది. పాత వస్తువు కొంటే లాభమేమిటని ఎవరైనా అడిగితే నేను ఈ వాకిలినే చూపిస్తాను. చూపించిన ప్రతిసారీ, వీధి అవతల మొహం తిప్పుకొని నిలబడ్డ ఆమె కూడా గుర్తుకొస్తుంది.

ఇంట్లో చేరిన కొన్ని నెలలకు ఒక పొద్దున ఆమె కొడుకుతో కలిసి మా ఇంటికి వచ్చింది. కడప ఆసుపత్రిలో కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చారట. వాకిలి కొన్నప్పుడు మా ఆయన ఒక రసీదు వెనక రాసిచ్చిన అడ్రసు పట్టుకొని వెతుక్కుంటూ వచ్చారు. గేటు తీసి ఇంట్లోకి రమ్మంటే ఆమె వెంటనే రాలేదు. గడప ముందు వంగి దాన్ని ముట్టుకొని కళ్లకద్దుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "పసుపు రాస్తాండావే" అంది. ఆ మాటలో నిమ్మళం ఉంది.

ఆపరేషన్ తర్వాత మా ఇంట్లోనే ఉంది. కన్ను మంచిదయ్యాక కూడా కడపలో ఏ పని ఉన్నా మా ఇంటికి వచ్చి పోయేది. మంచం ఉన్నా దాని మీద పడుకునేది కాదు. వాకిలి పక్కనే చాప వేసుకొనేది. వచ్చినప్పుడల్లా నాకు ఏదో ఒకటి తెచ్చేది. టిఫినుకు ఉగ్గాని చేసుకొమ్మని బొరుగులో, ఎండబెట్టిన గోరుచిక్కుడో. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

కొన్నాళ్లకు, ఊరు మునిగినవాళ్లకు ఇచ్చే కాలనీలో వాళ్లకు స్థలం వచ్చింది. ఇల్లు గోడల దాకా లేచిందని చెప్పినప్పుడు, వాకిలి తిరిగి ఇచ్చేద్దామా అని మా ఆయన నన్ను అడిగాడు. నేను రాత్రంతా ఆలోచించలేదు, వెంటనే సరే అన్నాను. మాకు ఇంకొకటి ఎక్కడన్నా దొరుకుతుంది. వడ్రంగిని వెంటబెట్టుకొని కాలనీకి పోయాం. ఆమెకు విషయం చెప్తే కాసేపు నమ్మలేదు. తర్వాత గబగబా కొడుకును పిలిచింది.

వడ్రంగి టేపు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. వాళ్లకు వచ్చిన జాగాలో కట్టుకున్నది ఒక గదీ వంటిల్లూ. వాకిలి కోసం వదిలిన సందు ఇరుకు. గోడ పగలగొట్టి పెంచుదామంటే పక్కనే వంటింటి గోడ. కొడుకు తల గోక్కుంటూ, "ఈ ఇంటికి ఆ వాకిలి పెడితే ఇల్లు కనపడదన్నా, వాకిలొక్కటే కనపడతాది" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, "ఇల్లు చిన్నదయిపాయెనప్పా, వాకిలేం చేస్తాది" అని, మాకు కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. చాలా సేపటికి గానీ బయటికి రాలేదు. ఆ ఇంటికి ఇనుప తలుపు బిగించారు.

వానలు సరిగా పడని ఏడు రిజర్వాయరులో నీళ్లు బాగా తగ్గాయని, పాత ఊళ్లు కొన్ని బయటపడ్డాయని విన్నాం. ఆమె ఫోను చేసి, "మీ ఆయప్పను అడుగు పాపా, ఊరు ఒకసారి సూపిచ్చకొస్తాడేమో" అంది. ఆదివారం కారులో తీసుకుపోయాం. ఎండ తీవ్రంగా ఉంది. రోడ్డు ఒకచోట ఆగిపోయింది. అక్కడి నుంచి పగిలిన బురద మీద నడిచాం. ఊరి మొదటి వీధి మొండిగోడలు తేలి ఉన్నాయి. ఆమె వీధి ఇంకా నీళ్లలోనే ఉంది. ఎక్కడని అడిగితే నీళ్ల మధ్య ఒకచోటికి చేయి చూపింది. మాకు అక్కడ ఏమీ కనిపించలేదు.

"మా తోటికోడలు వాళ్ల వాకిలి అమ్మనని పట్టుబట్టినాది" అంది. "నీళ్లు ఈడిదంకా రావంటా. ఒకనాడు పెరట్లోకి వచ్చేసరికి గుడ్డలు, బియ్యం ఎత్తుకోని వచ్చినారు. వాకిండ్లు, దూలాలు అన్నీ ఆన్నే పాయె. నేను అమ్మినప్పుడు మావాళ్లంతా నన్ను తిట్టినారు, అత్తగారింటి వాకిలి అమ్ముకునిందని. ఇప్పుడు మా ఇండ్లల్లో ఎండ తగిలేచోట ఉండేది నాదొక్కటే."

నాకు కొంచెం తేలికగా అనిపించింది. ఆమె అక్కడితో ఆగలేదు.

"దేవునింటి వాకిలి కూడా మీ బండ్లో ఏసి పంపిచ్చిండాల్సింది. చెదలు పట్టింటే పట్టనీ. ఎవురింట్లోనన్నా ఉండేది కదా."

మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె మమ్మల్ని అనలేదు. వద్దన్నది మేమేనన్న సంగతి మరిచిపోయిందో, గుర్తుండీ మా మీద వేయడం ఇష్టం లేకనో, ఆ తప్పు తనదే అన్నట్టు మాట్లాడింది. చెదలు పట్టిన కింది భాగం కోసేసి ఉంటే పైది ఒక కిటికీకో, ఒక అలమరకో సరిపోయేది. అప్పుడు మేము చూసింది కొయ్యను మాత్రమే. ఆ నీళ్ల ఒడ్డున నిలబడి ఏం చెప్పినా ఆలస్యమే.

తర్వాత ఆమె రాకపోకలు తగ్గాయి. మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేకపోతున్నానని ఫోనులో చెప్పేది. వచ్చి చూస్తామని మేము చెప్పేవాళ్లం. బడి, అంగడి, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. పోయిన కార్తీకంలో ఆమె కొడుకు ఫోను చేసి, "అమ్మ పోయిందక్కా" అన్నాడు.

మేము పోయేసరికి అన్నీ అయిపోయాయి. ఇంటి ముందు షామియానా కింద కాలనీ ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. చెప్పులు విడిచి నేను లోపలికి పోబోతుంటే వాళ్లలో ఒకామె నా చేయి పట్టుకొని ఆపింది.

"నువ్వేనా కడప కూతురు?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. ఎవరి కూతురని అడిగాను.

"ఈమె కూతురే. కడపలో మా పాప ఉండాది, పెద్ద వాకిలి ఇల్లు అని ఎప్పుడూ చెప్తాండె. కంటి ఆపరేషన్‌కు పోతే మంచంలో నుంచి దిగనియ్యలేదంట కదా. నువ్వేనా?"

ఆమె మా ఇంట్లో మంచం ఎక్కిందే లేదు. ఆమెకు ఆడపిల్లలూ లేరు. ఆ సంగతి ఈ ఆడవాళ్లకు తెలుసో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె ఈ మాట నాతో అనలేదు. అని ఉంటే నేను పెద్దమ్మా అని కాకుండా వేరేగా పిలిచేదాన్నేమో. బస్సు ఎక్కలేనన్నప్పుడు కారు పంపించేదాన్నేమో.

"ఔను, నేనే" అన్నాను.

ఆమె కొంచెం జరిగి నాకు పక్కన చోటు ఇచ్చింది. మిగతావాళ్లు కూడా జరిగారు. వాళ్ల మధ్య కూర్చున్నాను.