గోడలు తట్టే బావ

మా బావ ఎనిమిదేళ్లు గోడలను ఢీకొట్టి సంసారం నడిపాడు. మాటవరసకు అనడం లేదు, అదే ఆయన ఉద్యోగం.

మా కంపెనీ ఒక వీడియో గేమ్ తయారు చేస్తోంది. శాపం తగిలిన రాజ్యం, డ్రాగన్లు, మంత్రగత్తెలు, కత్తి పట్టుకుని బయల్దేరే వీరుడు. ఆ వీరుడు ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. ఏ గోడలోనైనా చిన్న సందుంటే చాలు, అందులోంచి జారి ఏకంగా లోకం బయట పడతాడు. ఆ సందులు వెతకడం బావ పని. ప్రతి గోడకూ వీరుణ్ణి మూడుసార్లు కొట్టాలి. నిలబెట్టి ఒకసారి, వంగోబెట్టి ఒకసారి, ఎగిరించి ఒకసారి.

ఆయన్ని అందులో చేర్పించిన పాపం నాదే. అంతకుముందు ఇళ్లకు టైల్స్ వేయించే సూపర్వైజరుగా ఉండేవాడు. వేలి కణుపుతో తట్టి, లోపల సిమెంటు అందని చోట "గుల్ల" అని తేల్చేసేవాడు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా కుర్చీలో కూర్చునే ముందు గోడ తడతాడు. అందుకే వాళ్ల ఇంటి ఓనరు ఈయన్ని లోపలికి పిలవడం మానేశాడు.

నా పని ప్రకటనలు రాయడం. ఇన్నేళ్లలో నేను రాసింది ఒక్కటే మాట, "త్వరలో". ఒక ఏడాది "అతి త్వరలో" అని రాస్తే ఉత్తమ ఉద్యోగి కప్పు ఇచ్చారు. విడుదల తేదీలు ప్రకటించేది మా పెద్ద మేనేజరు. ఆఫీసులో ఆయన్ని తేదీల దొర అంటాం. ఆరు తేదీలు చెప్పాడు, ఆరూ నీటి మీద రాతలే. ఏడోసారి మాత్రం ఇరవై అయిదో తారీకని అట్టపెట్టెల మీద అచ్చు కూడా వేయించాడు.

బావ ఒప్పందం అదే నెల ముప్పయితో ముగుస్తుంది. గోడలు అయిపోయాయి కదా, ఏరు దాటాక తెప్ప తగలేశారు. ఆయన దానికి బాధపడలేదు. ఆయనకు కావలసింది ఒక్కటే, ఆట తయారు చేసినవాళ్ల జాబితాలో తన పేరు. విడుదల రోజున ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేర్లే వేస్తారన్నది కంపెనీ నియమం. అంటే అయిదు రోజుల తేడాతో బావ గట్టెక్కుతాడు.

ఆ పేరు తన కోసం కాదు, కూతురి కోసం. నా మేనకోడలు ఏడేళ్లప్పుడు "మా నాన్న డ్రాగన్ల ఆట చేస్తున్నాడు" అని బడిలో చెప్పుకుంది. ఇప్పుడు దానికి పదిహేను. ఆట రాలేదు. క్లాసులో అందరూ దాన్ని "త్వరలో" అని పిలుస్తారు. ఆ మాట రాసినవాణ్ణి నేను, దాని ముఖం ఎలా చూడను?

పన్నెండో తారీకున బావ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"గుల్ల దొరికిందిరా," అన్నాడు.

వీరుడు పుట్టిన ఊళ్లోనే, పశువుల కొట్టంలో. ప్రకటన బొమ్మలో అందంగా లేదని తేదీల దొర అక్కడి గడ్డివామును పక్కకు జరిపించాడు. వెనకున్న గోడను అప్పటిదాకా ఎవరూ కొట్టలేదు. వంగి కొడితే వీరుడు జారిపోయాడు. కింద నేల లేదు, పైన ఆకాశం లేదు, పడుతూనే ఉన్నాడు. పడుతుండగానే ఆట తనంతట తానే సేవ్ అయిపోయింది. మళ్లీ తెరిచినా పడుతూనే ఉన్నాడు. అరవై గంటలు ఆడినా సరే, అంతా బూడిదలో పోసిన పన్నీరే.

"చెప్తే తేదీ జరుగుతుంది, నీ పేరు ఎగిరిపోతుంది," అన్నాను. "ఆ కొట్టంలోకి ఎవడు పోతాడు బావా, గేదెలు తప్ప? అదీ వంగుని మరీ! చూడనట్టు ఊరుకో."

"పిల్లలు పోతారు. వద్దన్న చోటికే పోతారు."

"ముందు నీ పిల్ల సంగతి చూడు!"

ఆయన నా పక్క గోడను రెండుసార్లు తట్టి, వెళ్లి రిపోర్టు రాసేశాడు. నాకు ఒళ్లు మండింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

తేదీల దొర మీటింగు పెట్టాడు. "దీన్ని రహస్య మార్గం అందాం," అన్నాడు.

"ఎక్కడికి సార్?" అని అడిగాడు బావ.

"ఎక్కడికో తెలీదు కాబట్టే రహస్యం!"

మేమంతా తలలూపాం. బావ ఊపలేదు, రిపోర్టు వెనక్కి తీసుకోనన్నాడు. చివరికి, గోడ కదిపితే దాన్ని ఆనుకున్న కోట కూలుతుందని ఇంజనీర్లు తేల్చారు. అందుకని సందుకు అడ్డంగా ఒక మనిషిని నిలబెట్టాలన్నారు. ఆ మనిషిని తయారు చేయడానికి ఇరవై రోజులు కావాలి. పెట్టెల మీద కొత్త తేదీ స్టిక్కర్లు అంటించారు. ముఖం కొత్తగా గీయడానికి వ్యవధి లేక బావ గుర్తింపు కార్డు ఫొటో వాడుకున్నారు, ఓ కాగితం మీద సంతకం పెట్టించుకుని. పేరుకు అడ్డొచ్చిన నియమం ముఖానికి అడ్డు రాలేదు.

ముప్పయ్యో తారీకున బావ తన కప్పూ, కుర్చీ మీది దిండూ తీసుకుని ఇంటికెళ్లాడు. సంగతి విని, "అయితే నేనింకా త్వరలోనేనా?" అంది మేనకోడలు. గదిలోకెళ్లి తలుపేసుకుంది. "నిజం చెప్పి ఏం బావుకున్నారు?" అని మా అక్క దులిపేసింది.

ఈసారి నిజంగానే ఆట వచ్చింది. ఒకటి పట్టుకుని వాళ్లింటికెళ్లాను. మేనకోడలు ముందు పేర్ల జాబితా తెరిచింది. నా పేరుంది. తేదీల దొర పేరు మూడు చోట్ల ఉంది. ఆయనకు ధైర్యం చెప్పినందుకట, ఆయన పిల్లి పేరు కూడా ఉంది. బావ పేరు లేదు. సిగ్గుతో నేను అట్టపెట్టె మీది స్టిక్కరు గోకుతూ కూర్చున్నాను. బావ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

పిల్ల ఆట మొదలుపెట్టింది. రాజు రమ్మంటున్నాడు, డ్రాగన్ పొలాలు తగలబెడుతోంది. మా పిల్ల మాత్రం వీరుణ్ణి తిన్నగా పశువుల కొట్టానికి నడిపించింది. అక్కడ గోడకు ఆనుకుని, చిరుగుల చొక్కాతో బావ.

"ఇటు దారి లేదు నాయనా," అన్నాడు, ఎవరిదో గొంతుతో.

పిల్ల వీరుణ్ణి తీసుకెళ్లి ఆ మనిషికి గుద్దింది. నిలబెట్టి ఒకసారి. వంగోబెట్టి ఒకసారి. ఎగిరించి ఒకసారి. ఆ మనిషి అంగుళం కదల్లేదు. ఎనిమిదేళ్లు తండ్రి చేసిన పనిని పిల్ల ఎప్పుడు నేర్చుకుందో మాకెవరికీ తెలియదు.

"వంగోబెట్టి ఇంకోసారి కొట్టమ్మా," అన్నాడు బావ గుమ్మంలోంచి. "కుడిపక్క."

కొట్టింది.

"గట్టిగానే ఉన్నావు నాన్నా," అంది.